అప్‌డేట్: రాలిన జింక కొమ్ము దొరికింది, విసుగూ పోయింది

అమెరికాలోని విస్కాన్సిన్‌లో జింకలు రాల్చిన కొమ్ముల కోసం ఎంత తిరిగినా ఏమీ దొరకట్లేదు, ఉత్సాహం పోతోంది, ఏం చేయాలని ఫిబ్రవరిలో అడిగాను కదా, దొరికింది! సలహాలిచ్చిన అందరికీ థ్యాంక్స్.

పనిచేసింది ఒకటే. అడవంతా తిరగకుండా, ఎండ బాగా పడే దక్షిణపు వాలు, కోత అయిపోయిన మొక్కజొన్న చేను, ఆ రెంటి మధ్య జింకలు కంచె దూకే చోటు, వీటినే ఒక్కోసారి ఒక్కో ముక్క చొప్పున మెల్లగా వెతకడం. అలా చేస్తే ఉత్త చేతులతో ఇంటికొచ్చిన రోజు కూడా ఒక వాలు పూర్తిగా చూశానన్న తృప్తి ఉంటుంది, నన్ను నిలబెట్టింది అదే. వాన వెలిసిన మబ్బు రోజు కంచె పక్కన తడి ఆకుల్లోంచి రెండు కొనలు తెల్లగా పైకి కనిపించాయి, లాగితే మొదలు దగ్గర ఉడతలు కొరికిన సన్నటి గాట్లు!

బైనాక్యులర్స్, కుక్కకు ట్రైనింగ్ లాంటివి నాకు అవసరమే పడలేదు. ఇక్కడి తెల్లతోక జింకలు ఎక్కువగా డిసెంబరు నుంచి మార్చి దాకా కొమ్ములు రాలుస్తాయి కాబట్టి జనవరిలోనే టెన్షన్ పడొద్దు. కొలరాడో లాంటి పశ్చిమ రాష్ట్రాల్లో ఏరడానికి నిషేధ కాలం ఉంటుంది, అక్కడుండేవాళ్లు ముందు రూల్స్ చూసుకోండి.