జూదం మీద జనం అభిప్రాయాలు తెలుగులో కొలవాలంటే ఏ స్కేల్?

ప్రశ్న (మారతహళ్ళి సర్వే): బెంగళూరు పీజీ హాస్టళ్లలో ఉండే తెలుగు కుర్రాళ్లు జూదం గురించి ఏమనుకుంటున్నారో సర్వే చేయాలి. జూదం వల్ల వచ్చే సమస్యల్ని కొలిచే పీజీఎస్‌ఐ ప్రశ్నావళిలోని 9 ప్రశ్నల్నీ తెలుగు చేసి ఇస్తే సరిపోతుందా?

కొలబద్ద: సరిపోదండీ. పీజీఎస్‌ఐ అడిగేది గత 12 నెలల్లో ఆట వల్ల ఎంత ఇబ్బంది పడ్డారని. అభిప్రాయం వేరు, నమ్మకం వేరు. "జూదం సంసారానికి చేటు" అన్నది అభిప్రాయం. "వరసగా పోయింది, ఇక వచ్చి తీరుతుంది" అన్నది నమ్మకం. మొదటిదానికి జూదం మీద అభిప్రాయాల్ని కొలిచే ఏటీజీఎస్ స్కేల్ 8 వాక్యాల పొట్టి రూపం చాలు. ఒక్కో వాక్యాన్ని ఎంత ఒప్పుకుంటారో 1 నుంచి 5 మార్కులు. రెండోదానికి జూదం గురించిన నమ్మకాల్ని కొలిచే, 2004లో వచ్చిన జీఆర్‌సీఎస్ స్కేల్: 23 వాక్యాలు, 1 నుంచి 7. అందులో "ఆపలేకపోతున్నాను" లాంటివి ఉన్నాయి, కాబట్టి ఆడేవాళ్లకే ఇవ్వండి.

మాటామంతీ: అసలు చిక్కు అనువాదంలో ఉంది. "జూదం" అనగానే ధర్మరాజు గుర్తొస్తాడు. ఆ మాటే తప్పని తీర్పు చెప్పేస్తుంది. రమ్మీ ఆడేవాళ్లేమో దాన్ని జూదమే అనుకోరు. 1967లో ఆంధ్రప్రదేశ్ కేసులోనే సుప్రీంకోర్టు రమ్మీ ప్రధానంగా నైపుణ్యం మీద నడిచే ఆట అంది కదా! అందుకే మొదటి పేజీలోనే "డబ్బు పెట్టి ఆడే ఆటలు, పందేలు" అని రాసి పేకాట, క్రికెట్ బెట్టింగ్, గుర్రప్పందేలు, లాటరీ, కోడిపందేలు పేరుపేరునా చెప్పండి. తర్వాత ప్రతి వాక్యంలో అదే మాట వాడండి. ఇంగ్లీషు మూలం చూడనివాళ్ల చేత తెలుగు ప్రతిని మళ్లీ ఇంగ్లీషులోకి రాయించి పోల్చండి. ఆపైన 8, 10 మందిని కూర్చోబెట్టి ఒక్కో వాక్యానికీ "మీకేం అర్థమైంది?" అని అడగండి. ఏటీజీఎస్‌లోని "పూర్తిగా నిషేధిస్తే మేలు" అన్న వాక్యం దగ్గర తప్పకుండా ఆగుతారు: ఆన్‌లైన్ డబ్బు ఆటల్ని 2025లో కేంద్రం నిషేధించింది, "ఇంకా ఏం నిషేధించాలి?" అంటారు.

మారతహళ్ళి సర్వే: ఏటీజీఎస్ మార్కులు ఎలా కూడాలి? మధ్య విలువ 24 అని చూశాను.

కొలబద్ద: 8లో 4 వాక్యాలు జూదానికి వ్యతిరేకం. వాటికి వచ్చిన అంకెను 6లోంచి తీసేసి, అప్పుడు కూడండి. ఇలా తిరగేయడం మరిచిపోతే ఆల్ఫా (వాక్యాలన్నీ ఒకదానితో ఒకటి ఎంత పొసుగుతున్నాయో చెప్పే అంకె) కుప్పకూలుతుంది. చదవకుండా అన్నిటికీ 4 పెట్టినవాళ్లకు కూడా సరిగ్గా 24 వస్తుంది, తటస్థులనుకుని మోసపోతాం. అలా ఒకే గీతలో నింపిన ఫారాలు విడిగా తీసి చూడండి. పేరు, ఫోన్ నంబరు అడగొద్దు. రూమ్మేట్ పక్కన ఉండగా నింపించొద్దు, ఎవరూ నిజం రాయరు.