ట్యూస్‌డేలో 'చ' ఎక్కడిది?

ప్రశ్న: బ్రిటన్ వాళ్ల పాడ్‌కాస్టుల్లో 'ట్యూస్‌డే' పోయి 'చ్యూస్‌డే' వినిపిస్తోంది. 'డ్యూక్' కాస్తా 'జ్యూక్' అయింది. ఇది నిర్లక్ష్యమా, ఉచ్చారణే మారిందా? పిల్లలకు ఏది నేర్పాలి?

జవాబు: మారిందండీ. ఇంగ్లీషు 'ట'కు నాలుక కొన పైపళ్ల వెనక చిగురును తాకుతుంది. వెంటనే 'య' కోసం నాలుక నడుము అంగిలివైపు లేవాలి. రెండూ ఒకేసారి జరిగితే పుట్టేది 'చ'. అలాగే డ, య కలిస్తే జ. స, య కలిస్తే ష. నేచర్, పిక్చర్, సోల్జర్ ఇలా వచ్చినవే, షుగర్ కూడా. పాత మార్పు ఎక్కువగా ఊనిక లేని, అంటే నొక్కి పలకని, అక్షరాల్లో జరిగింది. ఇప్పుడు ఊనిక ఉన్న చోటికీ పాకింది. అందుకే చాలామంది బ్రిటిష్ వాళ్ల నోట ఇసుకదిబ్బ 'డ్యూన్', నెల పేరు 'జూన్' ఒకటే.

అమెరికాలో దారి వేరు. అక్కడ 'య' జారిపోయి టూస్‌డే, డూక్, నూస్ అయ్యాయి. అయితే రెండు మాటలు కలిసే చోట వాళ్లూ 'డిడ్ యూ'ను 'డిజూ' అనేస్తారు.

మరో సభ్యురాలు: సత్య ప్రాకృతంలో సచ్చ అయింది. వైద్యుడు వెజ్జు, సంధ్య సంజ, నిత్యం నిచ్చలు. కావ్యాల్లో వెజ్జును ముచ్చటగా చదివి, చ్యూస్‌డేను మాత్రం అపభ్రంశం అంటే ఎలా?

తెలుగులో రాసేటప్పుడు ఒక జాగ్రత్త. 'చూస్‌డే' అని రాస్తే మనవాళ్లు 'చూడు'లోలా దంత్య చకారం పలుకుతారు, అది తప్పు. కావలసింది 'చిలక'లోని తాలవ్య చకారం. కాబట్టి 'చ్యూ' అని రాయడమే మేలు, య వత్తును విడిగా పలకకుండా.

జవాబు: బాగా చెప్పారు. మన 'ట'కు నాలుక కొన వెనక్కి మడుస్తాం, అక్కడినుంచి 'య'కు రావడం దూరం. మన నోట 'ట్యూ' విడిగా నిలవడానికి అదే కారణం అనుకుంటాను. పిల్లలు 'ట్యూస్‌డే' అంటే తప్పేమీ లేదు, దిద్దకండి. వినడం మాత్రం నేర్పండి: బ్రిటిష్ ఆడియోలో 'చ్యూనా' అంటే ట్యూనా చేప.

ప్రశ్న వేసినవారు: మరి 'న్యూస్' ఎందుకు మారలేదు?

జవాబు: న, య కలిస్తే రావలసింది 'ఞ'. ఇంగ్లీషులో దానికి విడి వర్ణం లేదు. అందుకే బ్రిటన్‌లో ఎక్కువమంది 'న్యూ' అనే అంటారు.