ఈ వారం సమస్య: తోకఁ గోసి వడ్డించెను దోడి చెలికి

నిర్వాహకుడు:
మిత్రులారా, మొన్న మా అన్నయ్య కూతురు ఇంటికొచ్చి నా టీవీని ఆక్రమించుకుంది. పెట్టింది జపాన్ వాళ్ళ 'మిస్ కోబయాషీస్ డ్రాగన్ మెయిడ్'. ఒంటరిగా అపార్ట్‌మెంట్‌లో ఉండే సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని, ఆమె ఇంట్లో పనిమనిషిగా చేరిన డ్రాగను. ఆ డ్రాగను పేరు తోరు. తన తోకనే వండి యజమానురాలికి తినిపించాలని దాని తాపత్రయం, ఈవిడేమో ససేమిరా అంటుంది. పేపరు చదువుతున్నట్టు నటిస్తూ నేనూ చూసేశాను. పాదం దానంతటదే వచ్చింది.

తోకఁ గోసి వడ్డించెను దోడి చెలికి

డ్రాగను తప్పనిసరి కాదు. ఇదే చివరి పాదంగా, మీ ఇష్టం వచ్చిన దారిలో పద్యం పూరించండి.

పులసముల్లు:
గోదావరి వాణ్ణి పట్టుకుని తోక కోయమంటే ఇంకేం చేస్తాను సార్.

చేప తెచ్చి పొలుసు గీచి చెలిమి మీర
నుల్లిపాయలు వేయించి యుప్పుఁ జల్లి
మనసు పడిన యతివ కోరె మంచి ముక్క
తోకఁ గోసి వడ్డించెను దోడి చెలికి

గురులఘువు:
యతులు సరే, గణాలు సరే. సమస్య ఏమైంది? చేపకు తోక ఉంటుంది, కోస్తారు, వడ్డిస్తారు. ఇందులో విడ్డూరం ఎక్కడుంది? దీన్ని పూరణ అనరు, వంట అంటారు.

పులసముల్లు:
మంచి ముక్క అడిగితే తోక ముక్క వేసింది గురువుగారూ, విడ్డూరం అక్కడుంది. తోక దగ్గర ముళ్ళెక్కువ. మా వైపు అది స్నేహితురాలికి వేసే ముక్క కాదు, ఆడపడుచుకు వేసేది. చేపలు తినని వారికి ఈ చమత్కారం అందదు.

కొత్తపల్లవి:
నేను ఆ సిరీస్ మొదటి నుంచీ చూస్తున్నదాన్ని కాబట్టి సూటిగానే వెళ్తున్నా. తప్పులుంటే చెప్పండి, కొంచెం టెన్షన్‌గా ఉంది.

కొండ మీఁదఁ గత్తి పెఱికి కూర్మితోడ
బ్రతుకు నిచ్చినట్టి మనిషి పదము పట్టి
పనికిఁ జేరిన రెక్కల పడఁతి మెచ్చి
తోకఁ గోసి వడ్డించెను దోడి చెలికి

నిర్వాహకుడు:
శభాష్ అమ్మాయ్. 'రెక్కల పడఁతి' అన్న ఒక్క మాటతో తోక ఎవరిదో తేలిపోయింది, వేరే వివరణ అక్కర్లేదు.

పులసముల్లు:
పద్యం బాగుంది. ఒక్క మాట మాత్రం కథకు అడ్డొస్తోంది, 'పదము పట్టి'. మా అబ్బాయి పుణ్యాన నేనూ చూశాను లెండి. ఆ రాత్రి కోబయాషి తప్పతాగి కొండెక్కింది. డ్రాగను వీపులో దిగిన దేవుడి కత్తిని ఆ మత్తులోనే లాగేసింది. పోవడానికి చోటు లేదంటే మా ఇంటికి పనికి రా అన్నదీ ఆవిడే. పొద్దున లేచేసరికి ఏమీ గుర్తులేదు, తలుపు తీస్తే ఎదురుగా డ్రాగను. ఇందులో కాళ్ళు పట్టుకున్నది ఎవరమ్మా?

కొత్తపల్లవి:
అయ్యో, నిజమే. 'పలుకు నమ్మి' అంటే?

పులసముల్లు:
అదీ! బ్రతుకు, పలుకు. యతీ నిలిచింది, తోరు పరువూ నిలిచింది. తాగినవాళ్ళ మాట నమ్మి లోకం మారి వచ్చిన పిచ్చిది అన్న జాలి కూడా తోడైంది.

సిద్దిపేట సీసం:
అన్నలూ, అందరూ తోకనే చూస్తున్నరు. 'తోక కోసుడు', 'వడ్డించుడు' అంటే మనకు తెల్వదా? నాది చూడుండ్రి.

మనుజ జాతిని మాడ్చెద మసిగ నేఁడె
యనుచుఁ దోకను జాడించు నామె పొగరుఁ
గనిన యుద్యోగి కోబయాషి కసరి లేచి
తోకఁ గోసి వడ్డించెను దోడి చెలికి

గురులఘువు:
మూడో పాదం చూసుకోండి. 'కోబయా' దగ్గర గణం పూర్తయింది, 'షి' ప్లాట్‌ఫారం మీద మిగిలిపోయింది. ఆ పైన యతి ఎక్కడ పడాలో అక్కడ పడలేదు. ఇంత సీనియర్లు కూడా వేళ్ళ మీద లెక్కపెట్టుకోకుండా పోస్టు చేస్తే ఎలా?

నిర్వాహకుడు:
గణం సంగతి తర్వాత. ముందు ఆ విరుపు చూడండి! నేనిచ్చిన పాదంలో కోసింది డ్రాగను, తిన్నది మనిషి. ఈయన కర్తను, చెలిని తారుమారు చేశారు. తోక జాడించింది డ్రాగను, దాని తోక కత్తిరించి నాలుగు వడ్డించింది కోబయాషి. కత్తీ లేదు, రక్తమూ లేదు, అంతా తెలుగు నుడికారమే. పాదం ఇచ్చిన నాకే తట్టలేదు.

సిద్దిపేట సీసం:
థాంక్స్ అన్నా. గణం తప్పింది, ఒప్పుకుంటున్న. పేరును కొట్టేసి 'కొబయాషి' అని రాస్త. హ్రస్వం చేస్తే కొంపేం మునగదు.

గురులఘువు:
పేరు వాళ్ళది, మీది కాదు. పరాయి దేశపు ఇంటిపేరును మీ గణం కోసం కత్తిరించే హక్కు ఎవరిచ్చారు?

కొత్తపల్లవి:
మధ్యలో వస్తున్నందుకు క్షమించండి సార్. నేను రెండేళ్ళు జపనీస్ నేర్చుకున్నాను. వాళ్ళు పలికేది కొ-బ-య-షి. నాలుగూ లఘువులే. దీర్ఘాలు మనం ఇంగ్లీషు స్పెల్లింగు చూసి పెట్టుకున్నవి. నిజంగా దీర్ఘం ఉన్నది తోరు పేరులో, 'తో' దగ్గర. థార్ దేవుడి పేరునూ వాళ్ళు అచ్చంగా అలాగే రాస్తారు.

సిద్దిపేట సీసం:
వినండ్రి! 'గనిన యుద్యోగి కొబయషి కసరి లేచి'. నాలుగు లఘువులు, నిక్కమైన నలం. కత్తిరించింది నేను గాదు, అతికించింది మీరు. చెల్లె, నీకు సిద్దిపేట వస్తె సర్వపిండి బాకీ.

గురులఘువు:
సరే, గణం కుదిరింది. ఔచిత్యం మాటేమిటి? ఆవిడ కసిరి లేచే రకమా? ముఖంలో భావమే కనపడదు. పొద్దస్తమానం పైథాన్ కోడు రాసి నడుము నొప్పితో ఇల్లు చేరుతుంది. గొంతు పెంచేది తాగినప్పుడే, అదీ మెయిడ్ దుస్తుల మీద ఉపన్యాసానికి. తోరు వేసుకున్నది అసలు మెయిడ్ వేషమే కాదని దులిపేస్తుంది. మిగతా వేళల్లో తోకకూర వద్దనడం కూడా మెల్లగానే.

పులసముల్లు:
ఓహో! గురువుగారు ఇవన్నీ ఎప్పుడు చూశారు? కార్టూన్లు చిన్నపిల్లలవని పోయిన నెల ఇక్కడే రాసినట్టు గుర్తు.

గురులఘువు:
విమర్శించాలంటే చూడాలి. రెండు భాగాలూ చూశాను.

పులసముల్లు:
పోయిన నెలంటే జ్ఞాపకమొచ్చింది. 'చీమ తుమ్మఁగ నేనుఁగు చేరె గడప' అన్న పాదానికి తమరు ఏం చేశారు? 'కలను గంటి' అని మొదలుపెట్టి నాలుగు పాదాలూ నిద్రలో నడిపించారు. నా చేప వంట అయితే, తమ ఏనుగు కునుకు కాదా?

గురులఘువు:
కలగా పూరించడం పూర్వకవులు కూడా చేసిన పనే.

సిద్దిపేట సీసం:
చేసిండ్రు. దారి దొరకనప్పుడు చేసిండ్రు. ఆ ఏనుగు సమస్యకు ఈ పులసాయనే 'ఏనుగు అంటే ఊరి కరణం' అని నడిపిండు. నేనైతే దానికే ఓటేసిన. యతిల శ-స కలిపిండని మీరు మూడు రోజులు పంచాయితీ పెట్టిండ్రు గదా.

నిర్వాహకుడు:
ఏనుగును ఇక్కడికి తోలకండి బాబూ, ఆ దారం మూసేశాం. ఔచిత్యం మాట తీసిపారేసేది కాదు. 'కసరి' బదులు 'గదిమి' అన్నా గ-గ యతి కుదురుతుంది, కాస్త మెత్తబడుతుంది. సీసంగారి ఇష్టం.

సిద్దిపేట సీసం:
కసరుడే ఉంచుత. లోకం కాలుస్త అన్నదాన్ని గదిమితే సరిపోతదా?

కొత్తపల్లవి:
సార్, కన్నా మీద కూడా ఒకటి ప్రయత్నిస్తున్నాను. అల్లరి చేసిందని ఇంట్లోంచి తరిమేస్తే వచ్చి వీళ్ళింట్లో చేరుతుందే, ఆ పాప డ్రాగను. జపాన్ ఉత్తరాన హొక్కైదో దీవి ఆదివాసులైన ఐనులు కొలిచే పిడుగు దేవర కన్నా కముయి. ఆ పేరే దానికి పెట్టారు. తోకను ప్లగ్గులో పెట్టుకుని చార్జింగు ఎక్కించుకుంటుంది. తోకకు కోత అంటే కరెంటు కోత అన్నట్టు ఏదో ఊహించాను, 'వడ్డించెను' దగ్గర ఆగిపోయింది.

పులసముల్లు:
కరెంటు బిల్లు వడ్డించెను అను తల్లీ! అద్భుతంగా ఉంటుంది. త్వరగా రాయి.

సిద్దిపేట సీసం:
నాదొక అడ్డప్రశ్న. మొదటి భాగం 2017, రెండోది 2021. నడుమ నాలుగేండ్లు ఎందుకు పట్టింది?

కొత్తపల్లవి:
2019 జులై 18న క్యోటో యానిమేషన్ స్టూడియోకు ఒకడు నిప్పు పెట్టాడు. 36 మంది పోయారు. మొదటి భాగం తీసిన దర్శకుడు తకెమొతో యసుహిరో వారిలో ఒకరు. రెండో భాగాన్ని ఇషిహర తత్సుయ తీశారు, సిరీస్ డైరెక్టరుగా తకెమొతో పేరు అలాగే ఉంచారు. లోకాన్ని కాల్చేస్తానని డ్రాగను అంటే నవ్వుకునేదాన్ని. ఆ తర్వాత ఆ మాట దగ్గర కొంచెం ఆగుతాను.

సిద్దిపేట సీసం:
అయ్యో. తెల్వక అడిగిన చెల్లె. నా మొదటి పాదం ఇప్పుడు నాకే గుచ్చుకుంటున్నది.

నిర్వాహకుడు:
పద్యం మార్చనక్కర్లేదు సీసంగారూ. మీరు రాసింది ఆ పాత్ర ప్రగల్భమే. మాట కలిసింది కనుక నాదీ ఒకటి ఇక్కడ పెడుతున్నాను.

వలదు వలదని కొబయషి పలికినంత
మెతుకు ముట్టని చెలిఁ జూచి మిగులఁ బొగిలి
మరల మొలచుఁ గాదా యని మమతఁ బంచి
తోకఁ గోసి వడ్డించెను దోడి చెలికి

కొత్తపల్లవి:
'మరల మొలచుఁ గాదా' దగ్గర నవ్వూ వచ్చింది, గొంతులో ఏదో అడ్డమూ పడింది సార్.

పులసముల్లు:
బల్లి తోక తర్కం! బాగుంది. నా తోకముక్క దీని ముందు నిలవదు, ఒప్పుకుంటున్నాను.

గురులఘువు:
మొదటి పాదంలో వ-ప యతి. శాస్త్రం ఒప్పుకుంటుంది, నా చెవి ఒప్పుకోదు.

నిర్వాహకుడు:
మీ చెవికి నచ్చేది మీరే రాయండి గురువుగారూ. దారం తెరిచి రెండు రోజులైంది, మీ పూరణ ఇంకా రాలేదు.

గురులఘువు:
రేపు ఉదయం పెడతాను. రాత్రి కాస్త ఆలోచించాలి.

పులసముల్లు:
పడుకునే ముందు ఆలోచించండి. పడుకున్నాక వద్దు.