పట్టి వదిలేసే చేప: వాండిల్ నదిలో గాలం వేయడం తప్పా?

బెండుబాబు (టూటింగ్, లండన్)

ఏప్రిల్ ఆఖరి శనివారం కొలియర్స్ వుడ్‌లో, సూపర్‌మార్కెట్ వెనక గోడ పక్కన, వాండిల్ నదిలో ఒక బ్రౌన్ ట్రౌట్ పట్టాను. జానకంటే కాస్త పెద్దది. ఫోటో మన తెలుగు వాట్సాప్ గ్రూపులో పెడితే మొదటి ప్రశ్న "పులుసా, వేపుడా?" వదిలేశానన్నాను. ఇక చూడండి, గంటసేపు చీవాట్లు. తినని చేపకి ముల్లు గుచ్చడం దేనికి, వేరే పనేం లేదా అని. అక్కడ నోరు పెగల్లేదు, అందుకే ఇక్కడ అడుగుతున్నా.

నది తెలియనివాళ్లకి రెండు ముక్కలు. వాండిల్ క్రాయ్‌డన్, కార్షాల్టన్ దగ్గర సుద్దనేల ఊటల్లో పుట్టి వాండ్స్‌వర్త్‌లో థేమ్స్‌లో కలుస్తుంది. మహా అయితే 9 మైళ్లు. యుద్ధంలో చెయ్యి పోగొట్టుకున్న ఇంగ్లండు నౌకాదళ సేనాని నెల్సన్, ఈ నది పక్కన మెర్టన్‌లో ఉన్న రోజుల్లో, ఒంటి చేత్తో ఇందులోనే గాలం వేసేవాడట. తర్వాత మిల్లులు, రంగుల కార్ఖానాలు, మురుగు. 1960ల నాటికి దీన్ని నది అనడం మానేసి మురుగుకాలవ అన్నారు. ఇప్పుడు మళ్లీ ట్రౌట్ ఉన్నాయి. బడి పిల్లలు తరగతిలో గుడ్లు పొదిగించి పిల్లల్ని తెచ్చి వదిలిన రోజులున్నాయి. జనం నెలనెలా నీళ్లలో దిగి సైకిళ్లు, ట్రాలీలు లాగిపడేశారు.

ఆ శనివారం హాథార్న్ ఫ్లైలు ఎగురుతున్నాయి. నల్ల పురుగులు, వెనక కాళ్లు రెండూ దారాల్లా వేలాడుతుంటాయి, గాలి విసిరితే నీళ్లలో పడి మళ్లీ లేవలేవు. ఇసకలో సగం కూరుకుపోయిన ట్రాలీ ఒకటుంది. దాని నీడలోంచి ఒక ముక్కు పైకొచ్చి పురుగుని లాక్కుపోయింది. ఒక్క వాన చినుకు పడితే ఎంత వలయమో, అంతే. నల్ల దారం, నల్ల ఈక కట్టిన ఉత్తుత్తి పురుగుని ఆ వలయానికి గజం ఎగువన వేయడానికి నాకు ఇరవై నిమిషాలు పట్టింది. రెండుసార్లు చెట్టుకి చిక్కింది, ఒకసారి నా టోపీకి. అవతల బస్సుల హారన్లు. ఆ ఇరవై నిమిషాలు నాకు ఒక్కటీ వినపడలేదు.

ఇప్పుడు చెప్పండి. తప్పా?

కొర్రమీనుపిచ్చి (భీమవరం, ప్రస్తుతం హౌన్స్‌లో)

తప్పే తమ్ముడూ. మొహమాటం లేకుండా చెప్తున్నా. కాలవ గట్టు మీద వెదురు కర్ర, నైలాన్ తాడు, జీలుగు బెండు, కొబ్బరి చిప్పలో ఎర్రలు, మా చిన్నతనమంతా అదే. బెండు మునిగిందంటే ఇంట్లో ఆ పూట కూర ఉన్నట్టు. జెల్ల ముల్లు గుచ్చుకుని చెయ్యి వాచినా ఏడవలేదు, అది దాని హక్కు అనుకున్నాం. చేపకీ మనకీ ఒక లెక్క ఉండేది.

నువ్వు చేసేదాంట్లో లెక్కేది? దాన్ని మోసం చేశావు, ఫోటో తీసుకున్నావు, "పో నాయనా" అన్నావు. ఆకలికి చంపినోడికి పాపం అంటుతుందో లేదో గానీ, సరదాకి నోరు చీల్చినోడికి అంటుతుంది.

డాన్‌గట్టు (షెఫీల్డ్)

నేను శాకాహారిని. పుట్టి బుద్ధెరిగాక చేప తినలేదు. గాలం మాత్రం పదకొండేళ్లుగా వేస్తున్నా. కొర్రమీను గారు ముందు నవ్వేసుకోండి, తర్వాత చదవండి.

మా డాన్ నది కథ వాండిల్‌కి అన్న లాంటిది. ఉక్కు మిల్లులు వేడినీళ్లు వదిలితే నది 20 డిగ్రీల దగ్గర ఉండేదట. మురుగులో కొట్టుకొచ్చిన అంజూర గింజలు ఆ వెచ్చదనానికి గట్టు మీద మొలిచాయి. మిల్లులు పోయాయి, చెట్లు ఉన్నాయి. నేను వాటి కిందే నిలబడి గాలం వేస్తా. ఎవరి కడుపులోంచి వచ్చిన గింజో అని ఆలోచించకుండా ఉండటం కష్టం.

ఇంకో సంగతి. ఇంగ్లండు నదుల్లో మార్చి 15 నుంచి జూన్ 15 దాకా రోచ్, చబ్, డేస్, బార్బెల్ లాంటి మామూలు చేపలకి గాలం వేయకూడదు. వీటిని ఇక్కడ కోర్స్ చేపలంటారు, అంటే ట్రౌట్, సాల్మన్ కానివి. ఆ చట్టం 1878 నాటిది, తెచ్చింది మా షెఫీల్డ్ ఎంపీ ముండెల్లా. వెనక నుంచి పట్టుబట్టింది గాలం వేసే కార్మికులే. గుడ్లు పెట్టే కాలంలో మమ్మల్ని ఆపండి అని తమకు తామే తాళం వేయించుకున్నారు. మీ లెక్క కూర దగ్గర ఆగింది, వాళ్ల లెక్క వచ్చే ఏటి దాకా వెళ్లింది.

కొర్రమీనుపిచ్చి

శాకాహారి గాలం! ఇంకెన్ని చూడాలో.

ఇసకపురుగు (మిచమ్, లండన్)

ఇద్దరూ పాపపుణ్యాల దగ్గరే ఆగిపోయారు. నేను వాండిల్‌లో పురుగులు లెక్కపెట్టే దాన్ని. మూడు నిమిషాలు కాళ్లతో అడుగు కెలికి, కొట్టుకొచ్చినవాటిని వలలో పట్టి, తెల్ల పళ్లెంలో పోసి చూస్తాం. మేఫ్లై పిల్లలు తోకలాడిస్తూ తిరుగుతుంటే ఆ వారం నది బాగున్నట్టు. పళ్లెం ఖాళీగా ఉంటే ఫోన్ తీయాల్సిందే. 2007 సెప్టెంబరులో మురుగు శుద్ధి కేంద్రం నుంచి బ్లీచు లాంటి రసాయనం నదిలోకి వచ్చి వేల చేపలు చచ్చాయి. ఏళ్ల కష్టం ఒక్క రోజులో పోయింది. కాబట్టి కోలుకుంది అని ధైర్యంగా అనకండి, కోలుకుంటోంది అనండి.

బెండుబాబూ, మీ మీద నాకున్న ఫిర్యాదు ముల్లు గురించి కాదు. మీ బూట్ల గురించి. ఆ మూడు నెలల నిషేధం కోర్స్ చేపలకి సరిపోయింది. డేస్ మార్చి, ఏప్రిల్‌లో, చబ్, బార్బెల్ మే, జూన్‌లో గుడ్లు పెడతాయి. ట్రౌట్ గుడ్లు పెట్టేది చలికాలంలో, గులకరాళ్ల కింద. ఆ పిల్లలు రాళ్లలోంచి బయటికొచ్చేది వసంతంలోనే. సరిగ్గా అప్పుడే, ఏప్రిల్ 1న, ఇక్కడ మీకు ట్రౌట్ సీజన్ తెరుస్తారు! తేటగా, మోకాలి లోతున, గులకరాళ్లు మెరుస్తూ ఉన్న చోటు చూసి ఎంత బాగుందో అని దిగుతారు. మీరు నిలబడింది వాటి ఉయ్యాల మీద.

కొర్రమీను గారూ, మీ కూర మాట: కింది భాగంలో ఈ నది నీళ్లలో పెద్ద వాటా శుద్ధి చేసిన మురుగునీరే. నేనైతే వండను.

డాన్‌గట్టు

బూట్ల మాట ఒప్పుకుంటున్నా. నాకు ఇన్నేళ్లుగా ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. కానీ ఆ నెలల్లో గట్టు మీద మనిషే లేకపోతే ఎలా? నీళ్ల రంగు మారితే ముందు చూసేది కుక్కని తిప్పేవాళ్లు కాదు, చేప కోసం నీళ్లలోకే చూస్తూ కూర్చునేవాడు. గట్టు మీంచే వేయమనండి, సరే. వద్దే వద్దంటే నదికి ఒక జత కళ్లు తగ్గుతాయి.

ఇసకపురుగు

కళ్లు కావాలంటే నా పళ్లెం దగ్గరికి రండి. దానికి గాలం అక్కర్లేదు.

కొర్రమీనుపిచ్చి

అమ్మా, నీ మాట నచ్చింది. మన దగ్గర ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, సముద్రంలోకి మర పడవలు పోకూడదు. ఉప్పాడలోనో కాకినాడలోనో పడవ కట్టేసినోడికి అది సరదా కాదు, ఆ రెండు నెలలు అప్పు. గొణుక్కుంటాడు, తిట్టుకుంటాడు, అయినా కట్టేస్తాడు. పొట్ట కోసం పట్టేవాడే ఆగుతుంటే, ఆఫీసుకి సెలవని వచ్చే నీకు రెండు నెలలు ఆగడానికి ఏం రోగం?

ట్రౌట్ కోసమే వసంతం కావాలా? జూన్ 16 దాకా ఆగి చబ్‌ని పట్టు. లేదంటే ఇప్పుడే కాలవకి పో. ఇక్కడ చాలా కాలవల మీద ఆ నిషేధం 2000 లోనే ఎత్తేశారని మా పక్కింటి ముసలాయన చెప్పాడు. ఆయన గ్రాండ్ యూనియన్ కాలవ గట్టున పెర్చ్ పడతాడు. అదీ వదిలేస్తాడనుకో, నాకు కడుపు మండుతుంది.

బెండుబాబు

అన్నా, ఆ పడవల మాటకి నా దగ్గర జవాబు లేదు. ఇసకపురుగు గారూ, ఇక నీళ్లలో దిగను. గట్టు మీంచి వేస్తే చెట్లకి ఇంకా చిక్కుతుంది, చిక్కనీ. మానేస్తానని మాత్రం అనలేను, అంటే అబద్ధమవుతుంది.

ఇంతదాకా వచ్చాక ఒకటి దాచడం బాగోదు. వాట్సాప్‌లో పెట్టింది ఒక్క చేప ఫోటో. నిరుడు మే నెలలో ఇంకోటి పట్టాను, దానికంటే పెద్దది. ముల్లుకి వెనక మొన నొక్కేసే ఉంచుతాను, చెయ్యి తడుపుకునే పట్టుకుంటాను, అన్నీ తెలుసు. కానీ ఆ రోజు ఎండ, ఫోటో సరిగ్గా రాలేదు, ఇంకోటి, ఇంకోటి. నీళ్లలో పెట్టేసరికి పక్కకి ఒరిగింది. తలని ప్రవాహానికి ఎదురుగా పెట్టి పట్టుకుని కూర్చున్నా. మొప్పలు ఆడాయి, ఆగాయి, మళ్లీ ఆడాయి. వేళ్లు కొంకర్లు పోయాయి, సుద్దనీళ్లు కదా, మేలో కూడా చల్లగా ఉంటాయి. అరగంట. ఒకసారి తోక కొట్టింది, హమ్మయ్య అని వదిలాను. రెండు గజాలు పోయి తెల్ల పొట్ట పైకి తేలింది.

ఆ ఫోటో ఎవరికీ పంపలేదు.

కొర్రమీనుపిచ్చి

ఆ చచ్చినదాన్నైనా వండుకున్నావా?

బెండుబాబు

లేదన్నా. అవతలి గట్టున ట్రాలీ మీద కొంగ ఒకటి అప్పటిదాకా నన్నే చూస్తోంది. నేను లేచి పక్కకి జరిగాను.