వెండి ఇంకు ఆరింది కానీ కరెంటు పోవట్లేదు, ఎవరైనా చెప్పండి

ప్రశ్న (హనుమకొండ, బీటెక్ ఫైనల్ ఇయర్):
అన్నా, సిల్వర్ నానో ఇంకుతో (అతి సన్నని వెండి రేణువులు కలిపిన ఇంకు) ఓహెచ్‌పీ షీటు (పారదర్శక ప్లాస్టిక్ షీటు) మీద సర్క్యూట్ వేశాం. పెళ్లిపత్రికలు వేసే స్క్రీన్ ప్రింటింగ్ షాపులోనే వేయించాం, గీతలు చక్కగా పడ్డాయి. మేడ మీద రెండు రోజులు ఎండబెట్టాం. చేతికి అంటట్లేదు. మల్టీమీటర్ మాత్రం మెగాఓమ్‌లు చూపిస్తోంది, అంటే కరెంటుకు అడ్డు చాలా ఎక్కువ. ఇంకు నకిలీదా? సోమవారం రివ్యూ, చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు:
చెల్లె, ఇంకును అనుమానించకు. నీ గీత ఆరింది, కాలలేదు. పచ్చికుండ ఎండలో ఎంత ఆరినా ఆవంలో కాలితేనే కదా కుండయ్యేది. నానో రేణువులు సీసాలో ముద్ద కట్టకుండా వాటికి పీవీపీ లాంటి పాలిమర్ పూత ఇస్తారు. గీతలోకి వచ్చాక ఆ పూతే కరెంటుకు అడ్డం. వేడి చేస్తే పూత తొలగి, రేణువులు ఒకదానితో ఒకటి అతుక్కుంటాయి. దీన్నే సింటరింగ్ అంటారు. మామూలు వెండి కరగాలంటే 962 డిగ్రీలు కావాలి. రేణువు అంత చిన్నదైతే పైపొరలో ఉండే పరమాణువుల వంతు పెరుగుతుంది, అవి సులువుగా కదులుతాయి, అందుకే చాలా ఇంకులకు 120–150 డిగ్రీలు చాలు. మన ఓరుగల్లు మే ఎండ కూడా దానికి సరిపోదు.

ల్యాబ్ ఓవెన్‌లో 140 దగ్గర అరగంట పెట్టు. సీసాతో వచ్చిన కాగితంలో వేరే లెక్క ఉంటే అదే పాటించు. వంటింటి ఓవెన్ మాత్రం వద్దు, ఆ ఆవిర్లు మంచివి కావు. ఓహెచ్‌పీ షీటు పీఈటీ ప్లాస్టిక్, ఆ వేడికి వంకర్లు పోతుంది. సెల్‌ఫోన్ రిపేరు వాళ్ల దగ్గర తేనెరంగు టేపు చూశావా, కాప్టన్? అదే షీటుగా దొరుకుతుంది, 300 డిగ్రీలకూ బెదరదు. గీత దాని మీద వేయించు.

ప్రశ్న అడిగినవారు:
అన్నా, అయింది! కాప్టన్ మీద ముదురు గోధుమరంగు గీత ఓవెన్‌లోంచి తీసేసరికి తెల్లగా వెండిరంగుకు తిరిగింది. 4 సెంటీమీటర్లకు 6 ఓమ్‌లే. కానీ ఎల్‌ఈడీకి సోల్డరింగ్ చేస్తే అక్కడ గీతే మాయమైంది.

జవాబు:
సోల్డర్‌లోని తగరం వెండిని తనలో కరిగించుకుంటుంది, అంత పల్చటి గీత క్షణం ఆగదు. సిల్వర్ ఎపాక్సీతో (వెండి పొడి కలిపిన, కరెంటు పోయే జిగురు) అతికించు. ఇంకోటి, మీటరు ప్రోబులు రెండూ ఒకదానికొకటి తాకించి చూడు, అది ప్రోబు తీగల సొంత అడ్డు, ఆ రీడింగ్‌ను 6లోంచి తీసెయ్యాలి.

మరొకరు (కరీంనగర్):
గీతల మధ్య ఎడం ఎంత ఉంచావమ్మా? గాలిలో తేమ ఉన్నప్పుడు డీసీ ఇస్తే వెండి ఒక గీత నుంచి పక్క గీతకు పాకి షార్ట్ అవుతుంది. వానాకాలం దాకా ఉంచాలంటే పైన వార్నిష్ పూత వెయ్యి.