'స్లుషాయ్ వామొ'లో ఆ 'వామొ' ఏమిటి? తెలుగులో ఒక్క మాటలో ఎలా చెప్పాలి?

డాన్యూబ్ ఒడ్డు:
వారం రోజులుగా ఒక ముక్క నా చెవిలో తిరుగుతోంది. వియన్నాలో మా ఆఫీసులో ఒక సెర్బియన్ సహోద్యోగి ఉన్నాడు. మధ్యాహ్నం టీ టైమ్‌లో ఫోన్‌లో పాత పాటలు పెడతాడు. వాటిలో ఒక దాంట్లో 'స్లుషాయ్ వామ్మో' అని నాకు వినిపించింది. వామ్మో అంటే మన వామ్మోయేనని నవ్వుకున్నాను. తీరా చూస్తే పాట పేరే 'స్లుషాయ్ వామొ'. 1992 నాటిది, రిమ్‌తుతితుకి అనే బృందానిది. ఎకతరీనా వెలికా, ఎలెక్ట్రిచ్ని ఒర్గాజమ్, పార్తిబ్రేకర్స్ వాళ్ళు తమ బ్యాండ్లు తమకి ఉండగానే కలిసి సరదా పేరుతో పెట్టుకున్న పక్క బృందం. 'స్లుషాయ్' అంటే విను. అది సరే. ఈ 'వామొ' దగ్గరే ఆగిపోయాను. 'ఇక్కడ' అని ఒకరు, 'ఇటు' అని ఒకరు అంటున్నారు. మీరేమంటారు?

నాగావళి:
'ఇటు'. అనుమానం అక్కర్లేదు. అసలు మాట 'ఒవామొ'. వాళ్ళకి 'ఒవ్దె' అంటే ఇక్కడ, 'ఒవామొ' అంటే ఇటువైపు. చోటు వేరు, దిక్కు వేరు. రాసేటప్పుడు 'వామొ' ముందు ఒక చిన్న కామా గుర్తు పెడతారు, 'ఒ' రాలిపోయిందని చెప్పడానికి. వీధిలో మాట్లాడుకునే తీరు అది. కాబట్టి 'ఓ చెవి ఇటు పడెయ్' అన్నట్టు. 'ఇక్కడ విను' అంటే ఆ దిక్కు పోతుంది.

పాతబస్తీ పాఠకుడు:
'ఇగో, ఇటు ఇను.' అయిపోయింది. ఇంతకంటే దగ్గరి మాట లేదు.

మాస్టారు (బాలవ్యాకరణం):
నాగావళి అమ్మా, రాలిపోయింది అని అంత తేలిగ్గా అనకు. మొదటి అచ్చు జరిగే పని మన భాషకి పుట్టుకతో వచ్చింది. తమిళం వాళ్ళ 'అవన్' మనకి వాఁడు, 'ఇవన్' వీఁడు, 'ఉరల్' రోలు, 'ఉళ్' లో. పద్యం చదివే చెవికి 'ఒవామొ' 'వామొ' కావడం కొత్త కాదు. అందుకే మనవాడికి అది వామ్మోలా వినిపించింది.

నాగావళి:
మాస్టారూ, మీ మీద గౌరవంతోనే ఒక మాట. మన దాంట్లో అచ్చు పోలేదు, హల్లుని దాటి వెనక్కి వెళ్ళి దీర్ఘమైంది. 'అవ' 'వా' అయింది, 'ఉర' 'రో' అయింది. వాళ్ళ 'వామొ'లో అలాంటిదేమీ లేదు. 'ఒ' పోయింది, 'వా' ఎప్పుడూ ఉన్నదే. పోలిక పెట్టాలంటే 'అమీర్'లో అకారం పోయి 'మీర్' అయిన ఫారసీ దారిని పెట్టండి. మీర్ ఆలం చెరువులో ఉన్న మీర్ అదే కదా.

పాతబస్తీ పాఠకుడు:
మీర్ పేరు ఎత్తారు కాబట్టి చెప్తున్నా. అదే పాటలో వచ్చే అసలు నినాదం 'మిర్, బ్రాతే, మిర్'. అక్కడ మిర్ అంటే శాంతి. మన మీర్‌కి, దానికి చుట్టరికం లేదు. 'బ్రాతే' మటుకు చుట్టమే. 'బ్రాత్' సంబోధనలో 'బ్రాతే' అవుతుంది, సంస్కృతంలో 'భ్రాతః' అన్నట్టు. దీన్ని తెలుగు చేయడమే నాకు అసలు టెన్షన్. 'శాంతి, సోదరా, శాంతి' అంటే మైకు ముందు ఉపన్యాసంలా ఉంటుంది. అన్నా అంటే పెద్దవాడు, తమ్ముడూ అంటే చిన్నవాడు. 'బ్రాతే'కి వయసు లేదు. బెల్‌గ్రేడ్ కుర్రాళ్ళు వాక్యానికి రెండు సార్లు వాడే మాట అది. మా దగ్గరైతే 'శాంతి భాయ్, శాంతి'.

నాగావళి:
మా వైపు 'బావూ'. అది కూడా వయసు చూడదు.

నంద్యాల వాసి:
మీరంతా పాట పేరు దగ్గరే ఉన్నారు, బృందం పేరు చూడండి! 'రిమ్‌తుతితుకి'. అసలు మాటలు 'తురిమ్ తి కితు'. అర్థం ఆడవాళ్ళు, పెద్దలు ఉన్న చోట విప్పి చెప్పలేను, మగతనం చూపించే వీధి బూతు అనుకోండి. దాన్ని అక్షరాలు తిప్పి రేడియోలో చెప్పగలిగే పేరు చేశారు. ఇలా తిప్పడానికి వాళ్ళ దగ్గర 'షాత్రొవాచ్కి' అని ఒక వాడుకే ఉంది. 'బ్రాతే'ని 'తెబ్రా' అంటారు, జెమూన్ ఊరిని 'మున్జె' అంటారు. ఇది చదవగానే నాకు పింగళి సూరన గుర్తొచ్చాడు. కళాపూర్ణోదయంలో ముందు నుంచి చదివితే తెలుగు, వెనక నుంచి చదివితే సంస్కృతం అయ్యే కందం ఉంది కదా:

తావినువారికి సరవిగ
భావనతో నానునతివి భావిసుతేజా
దేవర గౌరవ మహిమన
మావలసిన కవిత మరిగి మాకునధీశా

మూడో పాదం తిప్పండి. 'నమహిమ వరగౌరవదే' వస్తుంది. మధ్యలో 'వరగౌరవ' చూశారా, ఎటు చదివినా అదే. పద్యం మొత్తాన్నీ ఇలాగే రెండు భాషల్లోకి తిప్పాడు. మా నంద్యాల కృష్ణరాజుకి అంకితమిచ్చిన కావ్యం, చిన్నప్పటి నుంచీ ఈ పద్యం వింటూ పెరిగాను. వాళ్ళది కూడా ఇలా వెనక నుంచి చదివే విలోమమే.

మాస్టారు (బాలవ్యాకరణం):
సూరన పేరెత్తితే నేను ఊరుకోలేను. ఆ కందంలో ఒక్క సంయుక్తాక్షరం లేదు, ఒక్క సున్న లేదు, గమనించారా? అక్షరాన్ని అక్షరంగా వెనక్కి నడిపించాలంటే జంట హల్లు కాలికి అడ్డం పడుతుంది. నాలుగు పాదాల్లో ఎక్కడా అడ్డం పెట్టుకోలేదు ఆయన. పైగా ప్రాస 'వ', యతి చెడలేదు. కథ కూడా అంతే, ముందు జరిగింది తర్వాత తెలుస్తుంది. ఆ కావ్యంలోని మధురలాలస పసిబిడ్డగా నోరు విప్పేదాకా ముడులు విడవవు. పద్యాన్ని తిప్పినవాడే కావ్యాన్నీ తిప్పాడు.

నాగావళి:
పద్యం మీద మాట లేదు. కానీ నంద్యాల అన్నా, 'విలోమం' అన్నది తప్పు. వేలు పెట్టి లెక్కపెట్టండి. తు, రిమ్, తి, కి, తు. వెనక నుంచి చదివితే 'తుకితిరిమ్‌తు' కావాలి. బృందం పేరు అది కాదు. ఏ మాటకి ఆ మాటని విడిగా తిప్పారు. తురిమ్‌ని 'రిమ్‌తు', కితుని 'తుకి'. నడిమి 'తి' ఉన్నచోటే ఉంది. ఇది నవ్వులాట 'నవ్వుటాల' అయినట్టు వర్ణవ్యత్యయానికి, అంటే మాటలో అక్షరాలు చోట్లు మారడానికి దగ్గర, చిత్రకవిత్వానికి కాదు. మా ఇంట్లో పిల్లలు పెద్దవాళ్ళకి తెలియకుండా క-భాష మాట్లాడేవాళ్ళు. దాని పెద్ద చెల్లెలు ఇది.

డాన్యూబ్ ఒడ్డు:
నాగావళి గారూ, మీరు అన్నట్టే మా వాడు పేపర్ నాప్కిన్ మీద రాసి చూపించాడు. సిరిలిక్‌లో మూడు మాటలు రాసి, పెన్నుతో 'తు' తర్వాత ఒక గీత, 'కి' తర్వాత ఒక గీత. ఆ తర్వాత బాణాలు. 'తి' చుట్టూ మటుకు సున్న చుట్టి వదిలేశాడు.

పాతబస్తీ పాఠకుడు:
అయితే నా అనుమానం వినండి. మొదటి అక్షరం 'రిమ్'. దాన్ని తిప్పితే 'మిర్'! శాంతి అని అరిచే పాట పాడే బృందం, పేరు మొదట్లోనే శాంతిని బోర్లించి పెట్టుకుంది. ఇది ఊరికే కుదిరింది అంటే నేను నమ్మను.

నాగావళి:
తురిమ్‌ని తిప్పితే ఎవరికైనా 'రిమ్‌తు'యే వస్తుంది. మిర్‌ని మనసులో పెట్టుకోవక్కర్లేదు. పైగా 'రిమ్' అంటే వాళ్ళ భాషలో రోమ్ నగరం. రోమ్ గురించి కూడా ఒక సిద్ధాంతం కడదామా?

నంద్యాల వాసి:
పాతబస్తీ అన్న మాటలో ఇంకో చిక్కు ఉంది. షాత్రొవాచ్కి అక్షరాన్ని తిప్పుతుంది, వర్ణాన్ని, అంటే విడి ధ్వనిని కాదు. 'మిర్' ఒకే అక్షరం. దానికి తిప్పడానికి ఏముంది? మన లిపిలో రాస్తే ఇంకా తేలిపోతుంది. 'మిర్'ని సూరన పద్ధతిలో వెనక్కి చదివితే 'రిమ్' రాదు. ఇకారం మకారాన్ని వదిలి రేఫకి అంటుకోవాలి.

పాతబస్తీ పాఠకుడు:
మన లిపి గుణింతం లిపి కాబట్టి మనకి అలా తోస్తుంది. వాళ్ళ సిరిలిక్‌లో మూడు అక్షరాలు విడివిడిగా నిలబడతాయి. గోడ మీద రాసిన 'మిర్'ని చివరి నుంచి చూసినవాడికి 'రిమ్' కనబడుతుంది. 1992లో బెల్‌గ్రేడ్ గోడల మధ్య తిరిగినవాళ్ళ కన్ను అది. మనం చెవితో తీర్పు చెప్తున్నాం.

మాస్టారు (బాలవ్యాకరణం):
కన్ను, చెవి అని విడదీస్తే రేపటిదాకా సాగుతుంది. ఆ రోజుల సంగతి ఎవరైనా చెప్పండి. బూతుని తిప్పి పెట్టుకునేంత అవసరం ఏం వచ్చింది?

పాతబస్తీ పాఠకుడు:
నేను చెప్తా, ఈ బృందం మీద నాకు ఎప్పటి నుంచో ప్రేమ. యుగోస్లావియా ముక్కలవుతున్న రోజులు. 1991 నవంబర్‌లో క్రొయేషియాలోని వుకొవార్ పట్టణం పడిపోయింది. కుర్రాళ్ళని యుద్ధానికి పిలుస్తున్నారు. రిమ్‌తుతితుకి బెల్‌గ్రేడ్ రిపబ్లిక్ చౌక్‌లో పాడతామంటే అనుమతి రాలేదు. అందుకని 1992 మార్చి 8న లారీ ఎక్కి, వాయిద్యాలు లారీ మీదే పెట్టుకుని, బెల్‌గ్రేడ్ వీధుల్లో తిరుగుతూ పాడారు. సింగిల్ రికార్డుని బీ92 రేడియో వేసింది. బృందం పేరు మీద వచ్చింది ఆ ఒక్క రికార్డే. ఏప్రిల్ మొదట్లో బోస్నియాలో సారయేవో ముట్టడి మొదలైంది. ఏప్రిల్ 22న అదే రిపబ్లిక్ చౌక్‌లో పెద్ద కచేరీ జరిగింది. దాని పేరు 'నె రచునాయ్తె న నస్'.

ఆ పేరు కూడా తిప్పుడే చూడండి. 1978లో గాయకుడు బలాషెవిచ్ రాసిన పాట 'రచునాయ్తె న నస్', అంటే మా మీద ఆశ పెట్టుకోండి, మేమున్నాం అని కుర్రకారు దేశానికి మాటివ్వడం. ముందు ఒక్క 'నె' చేర్చారు. మా మీద ఆశ పెట్టుకోకండి! ఒకే ఒక్క అక్షరం. ఇలాంటి చోట పుట్టిన పేరులో 'రిమ్' ఊరికే వచ్చిందంటారా?

నంద్యాల వాసి:
ఆ 'నె' గొప్పది, ఒప్పుకుంటా. దాన్ని బట్టి 'రిమ్' తేలదు.

పాతబస్తీ పాఠకుడు:
ఇంకొక్క మాట, ఎకతరీనా వెలికా గాయకుడు మిలాన్ మ్లాదెనొవిచ్ గురించి. పుట్టింది జాగ్రెబ్‌లో, చిన్నతనం సారయేవోలో, పెరిగి పాడింది బెల్‌గ్రేడ్‌లో. మూడు ఊళ్ళు మూడు వైపులయ్యాయి. ఆయన ఎవరి మీదకి తుపాకీ ఎత్తాలి? ఎకతరీనా వెలికా పాటల్లో ఆయన మాటలు చాలా తక్కువ, మధ్యలో ఖాళీ చాలా ఎక్కువ. అలాంటి కవి లారీ మీద నిలబడి వీధి బూతు పేరుతో పాడాడంటే నాకు గుండె బరువెక్కుతుంది. 1994 నవంబర్ 5న పోయాడు, 36 ఏళ్ళకే. ఎలెక్ట్రిచ్ని ఒర్గాజమ్ డ్రమ్స్ వాయించిన చవాయ్దా 1997లో, మిలాన్ పక్కన కీబోర్డు వాయించిన మార్గితా 2002లో వెళ్ళిపోయారు. 'మిర్' అన్న మాట వాళ్ళకి నినాదం కాదు, ఇంటి అడ్రసు.

నాగావళి:
అన్నా, ఇది చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను. మీ 'రిమ్' ఇప్పటికీ ఒప్పుకోను. కానీ 'శాంతి భాయ్, శాంతి' అన్న మీ అనువాదం ఒప్పుకుంటున్నా. మా 'బావూ' కంటే అదే నిలబడుతుంది.

డాన్యూబ్ ఒడ్డు:
ఇవాళ మా వాడిని అడిగాను, 'రిమ్'లో 'మిర్' ఉందా అని. నాప్కిన్ మళ్ళీ తీశాడు. రాసి, తిప్పి, చాలాసేపు చూశాడు. అప్పట్లో తనకి పదహారేళ్ళట. ఇంట్లో వాళ్ళమ్మ ఆ పేరు పలకనిచ్చేది కాదట, అందుకని అన్నదమ్ములు 'లారీవాళ్ళు' అనుకునేవాళ్ళట. ఆ కబుర్లలో పడి నా ప్రశ్నకి జవాబు ఇవ్వలేదు.

'వామొ' ఎలా అంటారో మటుకు చూపించాడు. అరచెయ్యి దొప్పలా వంచి, గాలిని తన వైపుకి రెండుసార్లు లాక్కున్నాడు. 'స్లుషాయ్' అన్నప్పుడు చెయ్యి కదల్లేదు, 'వామొ' దగ్గరే కదిలింది. 'ఇటు' సరైనదే కానీ ఆ చెయ్యి ఊపు అందులో చాలడం లేదు. ఇంకో మాట కావాలి.

పాతబస్తీ పాఠకుడు:
'ఇట్రా, ఇను.' చెయ్యి దానంతటదే ఊగుతుంది, పలికి చూడండి. పైగా ఇందులోనూ ఒక అచ్చు ఎగిరిపోయింది, 'వామొ'లో లాగే.

మాస్టారు (బాలవ్యాకరణం):
'ఇటు రా' 'ఇట్రా' అయినప్పుడు పోయింది నడిమి ఉకారం. మొదటి అచ్చు ఇకారం చెక్కుచెదరలేదు. 'వామొ'లో పోయింది మొదటిది. రెండూ ఒకటంటే నేను ఒప్పుకోను.