విండోస్ అప్‌డేట్ తర్వాత మానిటర్ నిలువుకి తిరగట్లేదు – గ్రాఫిక్స్ డ్రైవర్ సంగతి తెలిసినవాళ్లు చెప్పండి

డాబాగార్డెన్స్_డీటీపీ:
అందరికీ నమస్కారం. మాది డాబాగార్డెన్స్‌లో చిన్న డీటీపీ షాపు. పెళ్లి కార్డులు, కరపత్రాలు చేస్తాం. రెండో మానిటర్ ఎప్పుడూ నిలువుగానే పెడతాను. 21.5 అంగుళాల మానిటర్ అడ్డంగా ఉంటే ఎత్తు 27 సెంటీమీటర్లకు లోపే, ఏ4 కాగితమేమో 29.7. నిలువుగా తిప్పితేనే పేజీ అసలు సైజులో మొత్తం కనబడుతుంది. విండోస్ 10 అప్‌డేట్ పడి రీస్టార్ట్ అయ్యాక డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో స్క్రీన్ అడ్డమా నిలువా అని ఎంచుకునే ఓరియంటేషన్ బాక్స్ మసగ్గా అయిపోయింది, నొక్కితే తెరుచుకోవట్లేదు. రెండో మానిటర్ నల్లగా ఉంది. వేరే గ్రాఫిక్స్ కార్డు లేదు, బోర్డు మీద ఉన్న ఇంటెల్ గ్రాఫిక్సే. శ్రావణ ముహూర్తాల వాళ్లు నెత్తిన కూర్చున్నారు, టెన్షన్‌గా ఉంది.

గాజువాక_కుర్రాడు:
అన్నా, కంట్రోల్, ఆల్ట్ పట్టుకుని పై బాణం నొక్కి చూడు. మా నెట్ సెంటర్‌లో పిల్లలు తలకిందులు చేసిన స్క్రీన్లన్నీ అలాగే సరిచేస్తాను.

మద్దిలపాలెం_సర్వీస్:
అది పాత ఇంటెల్ డ్రైవర్లలో (అంటే గ్రాఫిక్స్‌ని నడిపే సాఫ్ట్‌వేర్లలో) ఉండే షార్ట్‌కట్ తమ్ముడూ. కొత్తవాటిలో చాలాచోట్ల పనిచేయదు. పైగా ఈయనది తలకిందులైన కేసు కాదు.

డీటీపీ గారూ, విండోస్‌లో పరికరాల జాబితా చూపించే డివైస్ మేనేజర్‌లో డిస్‌ప్లే అడాప్టర్స్ కింద ఏ పేరుందో చూడండి. ‘మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్’ అని ఉంటే అసలు డ్రైవర్ ఊడిపోయినట్టే. ఆ బేసిక్ డ్రైవర్ ఏదో బొమ్మ చూపించడానికి తప్ప రెండు మానిటర్ల పనికి రాదు.

డాబాగార్డెన్స్_డీటీపీ:
సరిగ్గా అదే పేరుందండీ! రోల్ బ్యాక్ డ్రైవర్ బటన్ కూడా నొక్కనివ్వట్లేదు.

మద్దిలపాలెం_సర్వీస్:
వెనక్కి వెళ్లడానికి పాత డ్రైవర్ మిగల్లేదన్నమాట. ముందు మీ మదర్‌బోర్డు మోడల్ చూసి, దాని కంపెనీ సైట్ నుంచి గ్రాఫిక్స్ డ్రైవర్ దించి పెట్టుకోండి. తర్వాత నెట్ కేబుల్ పీకేయండి. ఇది మాత్రం మర్చిపోవద్దు. నెట్ ఉంటే మీకన్నా ముందే విండోస్ తనకి తోచిన డ్రైవర్ ఎక్కించేస్తుంది. అప్పుడు దించినది ఇన్‌స్టాల్ చేసి రీస్టార్ట్ కొట్టండి. అప్పటికీ మొండికేస్తే డిస్‌ప్లే డ్రైవర్ అన్‌ఇన్‌స్టాలర్ అని ఉంది, దాన్ని సేఫ్ మోడ్‌లో (విండోస్ కనీస డ్రైవర్లతోనే మొదలయ్యే పద్ధతి) నడిపి పాతవన్నీ తుడిచేసి మళ్లీ ఎక్కించాలి. ఒక్క క్లిక్‌తో అన్ని డ్రైవర్లూ వేసేస్తామనే సాఫ్ట్‌వేర్ల జోలికి మాత్రం పోకండి. నా దగ్గరికొచ్చే సగం తలనొప్పులు వాటివే.

డాబాగార్డెన్స్_డీటీపీ:
వచ్చేసిందండీ, అన్‌ఇన్‌స్టాలర్ దాకా వెళ్లక్కర్లేకపోయింది. పోర్ట్రెయిట్ పెట్టాను, పేజీ నిలబడింది. ఎప్పట్నుంచో ఉన్న ఇంకో డౌటు: నిలువుగా పెడితే చిన్న అక్షరాల్లో ఒత్తుల అంచున ఎరుపు, నీలం రంగు కనబడుతుంది. ‘క్ష్మి’ చూస్తే కింద మ-ఒత్తు అలికినట్టుంది. ఇదీ డ్రైవరేనా?

సీతమ్మధార_డిజైనర్:
కాదండీ, అది విండోస్‌లోని క్లియర్‌టైప్ పని. పిక్సెల్‌లో ఎరుపు, ఆకుపచ్చ, నీలం గీతలు పక్కపక్కన ఉంటాయన్న లెక్కతో అది అక్షరాల అంచులు నున్నగా చేస్తుంది. మానిటర్ తిప్పితే ఆ గీతలు ఒకదాని మీద ఒకటి పడతాయి, లెక్క తప్పుతుంది. ఇంగ్లిష్ అక్షరాలకి అంత తెలియదు గానీ మన ఒత్తులకీ గుడులకీ బాగా తెలుస్తుంది. సెర్చ్‌లో క్లియర్‌టైప్ అని కొట్టి, దాన్ని ఆపేసి చూడండి. అక్షరం కాస్త పలచబడుతుంది, రంగు మాత్రం పోతుంది. ఇంకోటి, కొత్త మానిటర్ కొంటే ఐపీఎస్ ప్యానెల్ (పక్కనుంచి చూసినా రంగు పెద్దగా మారని రకం తెర) చూసుకోండి. చవక టీఎన్ ప్యానెల్ నిలువుగా పెడితే ఎడమ కంటికో రంగు, కుడి కంటికో రంగు కనబడుతుంది.

ఏయూ_హాస్టల్:
ఉబుంటు లైనక్స్‌లో మానిటర్ తిరగని ఇదే గోల ఎవరికైనా ఉందా? టెర్మినల్‌లో ఎక్స్‌రాండర్ కమాండ్‌తో తిప్పుదామంటే ఎర్రర్ ఇస్తోంది. డ్రైవర్ మార్చాలా?

స్టీల్‌ప్లాంట్_లైనక్స్:
డ్రైవర్ని కదపకు బాబూ. నువ్వు వేలాండ్ సెషన్‌లో ఉండుంటావు. వేలాండ్, ఎక్సార్గ్ రెండూ లైనక్స్‌లో తెర మీద బొమ్మ చూపించే వ్యవస్థలు, వేలాండ్ కొత్తది. ఎక్స్‌రాండర్ ఎక్సార్గ్ కోసం పుట్టింది, వేలాండ్‌లో దాని మాట చెల్లదు. సెట్టింగ్స్‌లో డిస్‌ప్లేస్‌కి వెళ్లి అక్కడే తిప్పు. లాగిన్ స్క్రీన్ ఇంకా అడ్డంగా వస్తే, హోమ్‌లో కాన్ఫిగ్ ఫోల్డర్‌లోని మానిటర్స్ ఫైల్‌ని, లాగిన్ స్క్రీన్ నడిపే జీడీఎం కాన్ఫిగ్ ఫోల్డర్‌లోకి కాపీ చెయ్యి. హోమ్‌లోని ఆ ఫోల్డర్ దాచి ఉంటుంది, కంట్రోల్ హెచ్ కొడితే కనబడుతుంది.

ఏయూ_హాస్టల్:
థాంక్స్ అంకుల్, సెట్టింగ్స్‌లో తిరిగింది. లాగిన్ సంగతి రాత్రి చూస్తా.

పెందుర్తి_టీచర్:
ట్యాబ్లెట్‌లా కూడా వాడుకునే మా టూ-ఇన్-వన్ ల్యాప్‌టాప్‌లో, స్క్రీన్ తిరగకుండా ఆపే రొటేషన్ లాక్ నొక్కడం కుదరట్లేదు. నేనూ డ్రైవర్ వేసుకోవాలా?

మద్దిలపాలెం_సర్వీస్:
కీబోర్డు తగిలించి ఉన్నంతసేపు అది నొక్కనివ్వకపోవడం మామూలేనండీ. విడదీసి, లేదా పూర్తిగా వెనక్కి మడిచి చూడండి. అప్పటికీ తిరక్కపోతే డివైస్ మేనేజర్‌లో, ల్యాప్‌టాప్ ఎటు తిరిగిందో పసిగట్టే సెన్సర్స్ అనే వరస ఉందో లేదో చెప్పండి. అది లేకపోతే ఎన్ని గ్రాఫిక్స్ డ్రైవర్లు మార్చినా లాభం లేదు, ల్యాప్‌టాప్ కంపెనీ సైట్ నుంచి సెన్సర్ డ్రైవరే వెయ్యాలి.